రాక్షస వేషం, అసలు నెత్తురు

చెడ్డపేరు కొందరికి శిక్ష, కొందరికి జీవనోపాధి. ముఖానికి తెల్లరంగు పూసుకుని, కళ్ల చుట్టూ నలుపు పులిమి, సైతానును పాటలోకి పిలిచి, డబ్బిచ్చి వచ్చిన జనం చేత కేకలు పెట్టించే హెవీ మెటల్ గాయకుడిది రెండో దారి. అతని మీద యాభై ఏళ్లకు పైగా ఒకే వాదన నడుస్తోంది. ఇది తిరుగుబాటా, బేరమా? పిల్లల్ని పాడుచేసే విషమా, వారాంతపు వినోదమా? ఈ వాదనలో సాక్షులందర్నీ ఇంగ్లండు నుంచి, అమెరికా నుంచి, నార్వే నుంచి పిలిచారు. అనంతపురం నుంచి ఎవరినీ పిలవలేదు. ఏడాది పొడుగునా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన చూసే ఈ పీఠభూమిలో చెడ్డపేరును వేషం కట్టి ఆడే కళలున్నాయి. చెడ్డపేరును నిజంగానే మోసి, దాంతోనే బతికి, దానికే బలైన ముఠాలూ ఉన్నాయి. రెండూ ఒక నేల మీదే పెరిగాయి గనక వాదనను ఇక్కడికి తెచ్చి విప్పిచూడటం అవసరం.

ముందు పడమటి కథ, క్లుప్తంగా. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు నలుగురు ‘బ్లాక్ సబ్బాత్’ పేరుతో తొలి రికార్డు విడుదల చేశారు. వాళ్లది ఆస్టన్ అనే ఫ్యాక్టరీల పేట. గిటార్ వాయించే టోనీ ఐయోమీకి రేకుల కర్మాగారంలో రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. వేళ్లకు తొడుగులు పెట్టుకుని, రానురాను తీగల శ్రుతి దించి వాయించాడు. ఆ సంగీతానికి వచ్చిన బరువులో ఆ ప్రమాదానికి కూడా వాటా ఉంది. ఆలిస్ కూపర్ అసలు పేరు విన్సెంట్ ఫర్నియర్, మతబోధకుడి కొడుకు. వేదిక మీద గిలటిన్ కింద తల పెట్టి నరికించుకునేవాడు, కాసేపటికి తెల్లని సూటు వేసుకుని తిరిగొచ్చేవాడు. 1982 జనవరి 20న అమెరికాలోని డె మోయిన్ ఊళ్లో ఓజీ ఆస్బోర్న్ గబ్బిలం తల కొరికాడు. ఎవరో విసిరిన రబ్బరు బొమ్మ అనుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. 1985లో పాటల మాటల మీద అమెరికా సెనేట్ విచారణ పెడితే ‘ట్విస్టెడ్ సిస్టర్’ గాయకుడు డీ స్నైడర్ జులపాల జుట్టుతో వచ్చి కూర్చుని, తాను క్రైస్తవుణ్ణని, పెళ్లయినవాణ్ణని, తాగనని, పొగ పీల్చనని వాంగ్మూలం ఇచ్చాడు. మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన పత్రం ఇదే. వేషం వేరు, వేషగాడు వేరు అన్న సంగతిని పెద్దల సభకు వేషగాడే వచ్చి నేర్పాల్సి వచ్చింది.

గబ్బిలం ముచ్చటకు లోకం ముక్కున వేలేసుకుంది గానీ, మన ఊళ్లలో కొలుపు చూసి పెరిగిన వాళ్లకు అది పెద్ద వింత కాదు. ఒంటికి పసుపు, చేతిలో కొరడా, మోగే డప్పు మధ్య పోతురాజు వేషం కట్టినవాడు గొర్రెపిల్ల మెడను పళ్లతో కొరికితే దాన్ని గావు పట్టడం అంటారు. ఆలయాల దగ్గర జంతుబలిని ఆపడానికి 1950లోనే చట్టం వచ్చింది. గావు మాత్రం చట్టం కన్ను పడనిచోట చాలాకాలం సాగింది. పోతురాజుకు రబ్బరు బొమ్మ సాకు అక్కర్లేదు. ఆ పూట అతను భీకరంగా ఉండాలన్నది ఊరి తీర్మానం. జాతర దిగాక అదే మనిషి మళ్లీ కూలికి పోతాడు.

పోతురాజు కంటే మాతంగి సంగతి ఇంకా లోతైనది. ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన మిషనరీ ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899 నాటి తన పుస్తకంలో మాతంగిని వర్ణించింది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల సంపుటాల్లోకి ఆ వర్ణన చేరింది. మాదిగ ఇంటి స్త్రీకి దేవత పూనుతుంది. ఆమె గుంపు మధ్య పరుగెత్తుతూ పెద్ద కులాల వాళ్ల మీద ఉమ్ముతుంది, నోటికొచ్చినట్టు తిడుతుంది. మామూలు రోజుల్లో ఆమె నీడ పడితే స్నానం చేసేవాళ్లు ఆ ఉమ్మి తమను శుద్ధి చేసిందనుకుని నిలబడతారు. తిరుపతి గంగమ్మ జాతరలో ఇదే మాతంగి ఒక వేషంగా వస్తుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకొక వేషం. ఆ రోజుల్లో తిట్లు తప్పు కాదు, తిట్టించుకోవడం పుణ్యం. కథలో ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ మారువేషాల్లో తిరిగి, దొర వేషంలో అతని తల తీస్తుంది. పాలకుడే దుర్మార్గుడు, దేవతే తిరుగుబాటుదారు. ఇంత సూటిగా చెప్పిన కథ మెటల్ రికార్డుల్లో వెతికినా దొరకదు.

పండితులు దీన్ని ఎలా చదివారు? రష్యన్ విమర్శకుడు మిఖాయిల్ బఖ్తిన్ 1965లో అచ్చయిన గ్రంథంలో పండగనాటి తలకిందుల లోకాన్ని ప్రజల స్వేచ్ఛగా చూశాడు. అతన్ని కాదన్నవాళ్లు అది ఆవిరి వదిలే కవాటమేనని, మర్నాటికి రాజ్యం మరింత గట్టిపడుతుందని అన్నారు. మెటల్ మీద డీనా వైన్‌స్టీన్ 1991లో, రాబర్ట్ వాల్సర్ 1993లో మంచి పుస్తకాలు రాశారు. వైన్‌స్టీన్ ఆ పాటల్లో రెండు పాయలు చూసింది, ఒకటి ఒళ్లు మరిచే భోగం, రెండోది అల్లకల్లోలం. ఫ్యాక్టరీలు మూతపడుతున్న ఊళ్లలో చేతకానితనం మీద పుట్టిన కోపమే ఆ బలప్రదర్శనకు మూలమన్నది వాల్సర్ ధోరణి. ఇద్దరిదీ ఒప్పుకోదగిన మాటే. అయితే వేషం ఎవరు ఎంచుకున్నారన్న ప్రశ్న వాళ్లకు పెద్దగా అవసరపడలేదు. బర్మింగ్‌హామ్ కుర్రాడు తన వేషం తాను ఎంచుకున్నాడు, విసుగొస్తే తీసేసి ఇంటికి పోగలడు. మాతంగికి తిట్టే హక్కు ఇచ్చినవాళ్లు తిట్లు తినేవాళ్లే. అనంతపురం, బళ్లారి సరిహద్దు పల్లెల్లో ఆడపిల్లను దేవుడి పేర బసివిగా వదిలినప్పుడు ఆ వేషానికి దిగే రోజే లేదు. 1988లో దేవదాసీ సమర్పణను నిషేధించిన చట్టం దీన్ని కళగా చూడలేదు, నేరంగా చూసింది. చట్టమే సరిగ్గా చూసింది. పసిపిల్లకు జీవితాంతం తగిలించిన వేషాన్ని తిరుగుబాటు అని మెచ్చుకునే వ్యాసాలు ఈమధ్య కనిపిస్తున్నాయి, వాటిని నేను నమ్మను.

వేషం విప్పే గడువు స్పష్టంగా ఉన్న కళ కావాలంటే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్లాలి. 2022 జిల్లాల విభజన తర్వాత అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ ఊరి పేరు పత్రికల్లోకి ఎక్కింది గానీ, తోలుబొమ్మలు దానికి ఎంతో ముందునుంచే అక్కడి ఇళ్ల బతుకు. మేకతోలును వెలుగు దూరేంత పలుచగా చేసి, రంగులద్ది, చిల్లులతో నగలు తొడుగుతారు. బొమ్మ మనిషెత్తున ఉంటుంది. పది తలల రావణుడు తెరమీదకు వస్తే తెరంతా అతనే. యుద్ధం వచ్చిందంటే ఆడించేవాళ్లు కాళ్లకింది చెక్కబల్లల్ని దడదడ తొక్కుతారు, గజ్జెలూ మద్దెలా కలిసి చెవులు గింగిర్లెత్తుతాయి. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ మైదానంలో ‘ఐరన్ మెయిడెన్’ వాయించింది. ఎడ్డీ అనే అస్థిపంజరపు భూతం ఆ బృందానికి గుర్తు, కచేరీల్లో ఆ బొమ్మ వేదికెక్కి ఊగుతుంది. నిమ్మలకుంట రావణుడికి, ఎడ్డీకి పని ఒకటే: భయపెట్టి ఆనందపెట్టడం. అనంతపురం నుంచి ఆ మైదానానికి జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్లు.

అయితే తోలుబొమ్మలాటలో అసలు తిరుగుబాటుదారు రావణుడు కాడు, కేతిగాడు. రామరావణ యుద్ధం మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూరతారు. మొగుడూ పెళ్లాల తగవు, ఆ తగవులో పచ్చిబూతు, ఆ బూతులో ఊరి పెద్దలకు, అధికారులకు చురకలు. దేవుడి కథను ఆపి బూతు వినిపించే హక్కు ఇంకెవరికీ లేదు. రాముడి బొమ్మకు మొక్కిన చేతులే బంగారక్క మాటకు చప్పట్లు కొడతాయి. వాన రానప్పుడు విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందన్న నమ్మకంతో కరువు ఊళ్లు ఈ కళాకారుల్ని పిలిపించుకునేవి. ఆ పర్వమంతా వేషాల కథే. ధర్మరాజు సభాసదుడు, భీముడు వంటవాడు, అర్జునుడు బృహన్నల. ఏడాది గడిచేదాకా వేషం విప్పకూడదు, గడిచాక ఉంచుకోకూడదు. కరువు నేల తన వాన కోసం ఎంచుకున్న కథ ఇదే కావడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. ఇప్పుడు నిమ్మలకుంటలో ఆటలకంటే దీపాల తొడుగులు, గోడ బొమ్మలే ఎక్కువ అమ్ముడవుతున్నాయి. ఆ అమ్మకాల్లో దేవుళ్లు, నెమళ్లు, చెట్లు చోటు సంపాదించాయి. కేతిగాణ్ణి గోడకు తగిలించుకునే ఇల్లు అరుదు.

అనంతపురం జిల్లాకే ప్రత్యేకమైన ఉరుముల నృత్యం సంగతి ఒక మాట. గంగమ్మ పేర, అక్కమ్మల పేర దళిత కళాకారులు వాయించే ఉరుము శబ్దం గుండెకు తగిలి గుర్రుమంటుంది. ఆ వాద్యాన్ని మెటల్ బృందాలు ఎందుకు తాకలేదో తెలియదు. హైదరాబాదులో మొదలైన ‘గాడ్‌లెస్’ అనే డెత్ మెటల్ బృందం 2021లో తెచ్చిన ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ గట్టి రికార్డు, కానీ పాట ఇంగ్లీషు, వాద్యాలు పడమటివి. బెంగళూరు ‘క్రిప్టోస్’దీ అదే దారి.

పద్య నాటకంలోకి వస్తే రాక్షసుడికి గౌరవం తెచ్చినవాడు తాడిపత్రి బిడ్డ బళ్లారి రాఘవ (1880–1946). ధర్మవరంలో పుట్టి బళ్లారిలో సరసవినోదిని సభ నడిపిన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు అప్పటికే ఒక తిరుగుబాటు చేసి ఉన్నాడు. నాటకం మంగళాంతం కావాలన్న సంస్కృత నియమాన్ని తోసి ‘విషాద సారంగధర’ రాశాడు. మేనల్లుడు వృత్తికి వకీలు, వేదిక మీద హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, పఠాన్ రుస్తుం. రాగాలు తీసి పద్యాన్ని సాగలాగే నటుల కాలంలో అతను గొంతు తగ్గించి ముఖంతో ఆడాడు. హరిని ధిక్కరించే హిరణ్యకశిపుణ్ణి అరుపుల మూటగా కట్టలేదు, తండ్రిగా కట్టాడు. కోలాచలం శ్రీనివాసరావు రాసిన విజయనగర పతన నాటకంలో రుస్తుం పాత్ర జనాన్ని ఎంత కదిలించిందంటే, మతకలహాల భయంతో దొరతనం ఆ నాటకాన్ని ఆపించింది. చివరి రోజుల్లో అతను నటించిన ‘రైతుబిడ్డ’ (1939) సినిమా జమీందార్ల కంట్లో పడి నిషేధాలకు గురైంది. వేషం దిగాక కూడా అతనికి మచ్చ అంటలేదు. రాక్షస పాత్రల పేరు మనిషి పేరును తినేయకపోవడం ఆ తరం రంగస్థలానికున్న ఆరోగ్యం.

వేషం తీసేయడమే వేషంగా పెట్టుకున్నవాళ్లు ఇంకొందరు. కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఆయన్ను బట్టలు లేకుండా బొమ్మకట్టడం తెలుగువాళ్లకు అలవాటు. తిట్టినవాణ్ణి యోగిని చేసి మొక్కడం కూడా అలవాటే. దిగంబర కవులు ఆ వారసత్వాన్ని తెలిసే ఎత్తుకున్నారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. ఆలిస్ కూపర్ తన పేరు పెట్టుకోకముందే ఈ ఆరుగురు ఇంటిపేర్లు, కులం తెలిపే పేర్లు వదిలేసి కొత్తపేర్లు తొడుక్కున్నారు. రుతువులకు, వారాలకు కూడా సొంతపేర్లు పెట్టుకున్నారు. 1965 మేలో హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత మొదటి సంపుటి విడుదల చేయించారు. 1966 చివర్లో విజయవాడలో హోటలు పనివాడి చేత రెండోది, 1968లో విశాఖపట్నంలో బిచ్చగత్తె చేత మూడోది. ఇది పక్కా నాటకీయత. నడిరాత్రి, వేదిక లేని వేదిక, అధ్యక్షుడి కుర్చీలో ఎన్నడూ కూర్చోబెట్టని మనిషి. బూతు రాశారని, పేరు కోసమని పెద్దలు దులిపేశారు. అక్షరాలా మెటల్ మీద పడిన నిందలే.

తర్వాత జరిగింది చూడండి. నలుగురు 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం)లోకి వెళ్లారు, ఇద్దరు వెళ్లలేదు. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలుకెళ్లారు. చెరబండరాజు ఉద్యోగం పోగొట్టుకుని, సికింద్రాబాద్ కుట్రకేసు మోసి, మెదడులో కణితితో 1982లో చనిపోయాడు. మహాస్వప్న తన లింగసముద్రం పల్లెకు తిరిగిపోయి అక్కడే నిశ్శబ్దంగా బతికాడు. నిఖిలేశ్వర్‌కు 2020 సంవత్సరపు సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఒకే రాత్రి కట్టిన వేషం ఒకరికి ప్రాణం దాకా వెళ్లింది, ఒకరికి పొలం గట్టు దాకా, ఒకరికి సన్మానం శాలువా దాకా. గొంగడి, గోచీ, గజ్జెలతో పాడిన గద్దర్ విషయంలో 1997 ఏప్రిల్ 6న తూటాలే వచ్చాయి. వాటిలో ఒకటి వెన్నులో ఉంచుకునే అతను 2023 దాకా పాడాడు. ఇలాంటివారిని చూశాక తిరుగుబాటు వేషం అంతా బేరమే అనే మాట నోట రాకూడదు. వేషం కట్టినంత మాత్రాన తిరుగుబాటు అయిపోతుందని కూడా అనకూడదు.

వేషానికీ నెత్తురుకూ మధ్య గీత చెరిగిన చోటు రెండు ప్రాంతాల్లో దాదాపు ఒకే ఏడాదుల్లో కనిపిస్తుంది. నార్వేలో బ్లాక్ మెటల్ కుర్రాళ్లకు పాటల్లోని చీకటి చాలలేదు. 1992 జూన్‌లో బెర్గెన్ దగ్గరి ఫాంటాఫ్ట్ కొయ్య చర్చి తగలబడింది. 1993 ఆగస్టులో ‘మేహెమ్’ గిటారిస్టు యూరోనిమస్‌ను తోటి సంగీతకారుడు వర్గ్ వికెర్నెస్ పొడిచి చంపి 21 ఏళ్ల శిక్ష పొందాడు. చంపినవాడి పేరు ఆ సంగీతానికి ప్రచారమైంది. అదే 1993లో అనంతపురం జిల్లా ముఠా కక్షల్లో టీవీలో అమర్చిన బాంబు పేలి ఒక కుటుంబం బలైంది. 1997 నవంబరు 19న హైదరాబాదులో సినిమా స్టూడియో దగ్గర కారుబాంబు పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు, వారిలో టీవీ వార్తల సిబ్బంది కూడా ఉన్నారు. ఆ బాంబు గురిపెట్టిన జిల్లా రాజకీయ నాయకుడు పరిటాల రవి ఆ రోజు తప్పించుకున్నాడు. అతను వచ్చింది తండ్రి శ్రీరాములు జీవితం మీద తీసే సినిమా ప్రారంభానికి. 1975లో హత్యకు గురైన ఆ తండ్రి భూమి కోసం పోరాడినవాడిగా పేరుపడ్డాడు. తిరుగుబాటు కథను తెరకెక్కించే ముహూర్తానికే పగ వచ్చి నిలబడింది. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గర రవి హత్య జరిగింది. 2010లో రామ్‌గోపాల్ వర్మ ‘రక్తచరిత్ర’ రెండు భాగాలుగా వచ్చింది. బతికున్నవాళ్ల పగ కూడా అందులో పాత్రయింది. వారిలో రవి ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి 2011 జనవరిలో హైదరాబాదులో హతుడయ్యాడు.

ఇక సినిమా. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’, ‘ఇంద్ర’ (2002) వరుసపెట్టి ఆడాయి. తెల్లచొక్కా, సుమోల వరుస, తొడచరుపు, వేటకొడవలి. ఇది కూడా నాటకీయమైన చెడ్డపేరే, శబ్దం కూడా తక్కువది కాదు. కానీ ఇక్కడ జాతర ఒప్పందం లేదు. పోతురాజు దిగిపోతాడు, ఈ కథానాయకుడు దిగడు. చివర్లో మంచివాడిగా తేలి, చెడ్డపేరును ఆస్తిగా ఇంటికి తీసుకుపోతాడు. హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ లాంటివాళ్లు ఫ్యాక్షన్‌ను ఊరి ఆధిపత్యంతో, కాంట్రాక్టులతో, ఎన్నికలతో ముడిపెట్టి విప్పిచెప్పారు. ఆ లెక్కంతా తెర మీద వంశగౌరవంగా మారిపోయింది. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి, చిలుకూరి దేవపుత్ర అదే జిల్లాలో కూర్చుని ఎండిన బావుల గురించి, శెనక్కాయ చేను మీద చేసిన అప్పుల గురించి, వెలివాడల గురించి రాశారు. వాళ్ల కథల్లో నాటుబాంబుకు చోటు తక్కువ, వడ్డీకి ఎక్కువ. సీమ పేరు చెప్పగానే బయటివాడికి కొడవలి గుర్తొస్తుంది, వడ్డీ గుర్తురాదు.

ఈ ధోరణిలో తాజా మలుపు 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’. ఎర్రచందనం దొంగ కథానాయకుడు. నడిమధ్యలో గంగమ్మ జాతర, చీరకట్టుకున్న అల్లు అర్జున్, నీలిరంగు ముఖం, నిమ్మకాయల దండ. తిరుపతి వీధుల్లో తరతరాలుగా మగవాళ్లు కట్టే ఆడవేషం అంత పెద్ద తెరమీదకు ఎక్కడం మామూలు సంగతి కాదు, నటుడు దానికి ఒళ్లు దాచుకోలేదు. మెటల్ వేదిక కోరుకునే సమస్తం ఆ ఘట్టంలో ఉంది: మోత, రంగు, భయం, పూనకం. కానీ జాతరలో ఆ వేషం పాలెగాడి తల తీయడానికి పుట్టింది. సినిమాలో అది అడవిని ఏలే కొత్త పాలెగాడికే అలంకారమైంది. తిట్టే నోరు మాతంగిది కావలసినచోట తొడగొట్టే చెయ్యి మాత్రమే మిగిలింది.